పిడకలాట క్యాసెట్టుకు అతికించిన కాగితం

ఆదోని బజారులో పనికిరాని వస్తువును నా అంత చౌకగా కొన్నవాడు ఇంకొకడు లేడు. ఇది నేను గొప్పకే చెప్తున్నాను. ఎనభైల నడుమ, మా వీధి చివరి సాయిబుల ఇంటి అల్లుడు కువైటు నుంచి వచ్చి మళ్ళీ పోలేదు. తెచ్చిన సామాను ఒక్కొక్కటే అమ్ముతున్నాడని తెలిసి నేను పోయినాను. మంచం మీద ఒక నల్లటి పలక ఉంది. దాని మీద వరసగా రబ్బరు మీటలు. నా కన్ను దాని మీదే పడింది కాబట్టి నేను దాని పక్కనున్న దుప్పటిని పట్టుకుని చూసినాను.

ఈ విద్య మా నాయనది. డెబ్బైలలో మా బట్టల కొట్లో గల్లాపెట్టె పక్కన కూర్చుని నేర్చుకున్నది. కావలసిన దాన్ని ముట్టుకోకూడదు. పక్కదాన్ని ముట్టుకుని, పెదవి విరిచి, లేవబోతూ లేవబోతూ అసలు దాన్ని అడగాలి.

"ఇదేం పెట్టె భాయ్, హార్మోనియమా?"

"కంప్యూటర్ అన్నా. టీవీకి తగిలిస్తే బొమ్మలొస్తాయి."

"తిత్తి లేదే మరి?"

పాపం, ఆయన నవ్వినాడు. నవ్వినవాడు ధర నిలబెట్టుకోలేడు. ఆయన చెప్పిన ధరలో సగానికి దించి, అందులో మళ్ళీ కొంత తెగ్గోసి, లేచేటప్పుడు కొసరు అడిగినాను. మా ఇంట్లో కొసరు లేకుండా బేరం ముగిస్తే అది బేరం కాదు, దానం. ఆయన అటూ ఇటూ చూసి ఒక క్యాసెట్టు నా చేతిలో పెట్టినాడు.

"దీంతో ఆటలు మనమే తయారు చేసుకోవచ్చంట అన్నా. నాకైతే చేతకాలా. నువ్వు తెలివైనోడివి."

ఆ మాట కూడా నేను కొసరు కిందే జమ కట్టుకున్నాను.

ఇంటికి తెస్తే మా నాయన కళ్ళద్దాలు పైకి తోసి చూసినాడు. "దేనికిరా ఇది?"

"కొట్టు లెక్కలు రాయడానికి నాయనా."

"ఆర్పితే?"

"పోతాయి. మళ్ళీ టేపు నుంచి ఎక్కించుకోవాల."

"నా లెక్కల పుస్తకం దీపమార్పితే పోదు కదరా," అని ఆయన మళ్ళీ పడుకున్నాడు.

అట్లా లెక్కలకు పనికిరాక ఆ పలక ఆటలకు మిగిలింది. కొట్టు వెనక బేళ్ళు దించుకునే గదిలో పాత నలుపు తెలుపు టీవీ, టేపురికార్డరు, ఈ పలక, మూడూ ఒక బల్ల మీద పెట్టినాను. ఆటలు తయారు చేసే క్యాసెట్టు ఎక్కించేటప్పుడు రేకును బండ మీద ఈడ్చినట్టు ఒక శబ్దం వచ్చేది. పక్క హోటలాయన గోడ మీద తట్టి, "సెట్టీ, ఎవర్ని కోస్తాండావ్?" అని అరిచేవాడు. శబ్దం ఆగినాక తెర మీద వరుసగా నాలుగు పనులు కనబడేవి: బొమ్మ గీయి, బొమ్మను కదిలించు, ఏది దేనికి తగిలితే ఏమవుతుందో చెప్పు, ఆడి చూడు. ఇంగ్లీషులో ఉన్నా నాకు అర్థమయ్యేంత ఇంగ్లీషే.

నేను మొదలుపెట్టిన ఆట ఏమిటో చెప్తే మీరు నవ్వండి, నేనూ నవ్వుతాను. ఆదోని పత్తి బజారు మొత్తం. బండ్లు రావాల, ఎద్దులు నడవాల, కాటా ఊగాల, దళారీలు తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చాల, వాన వస్తే పత్తి తడవాల, నేను లాభపడాల. కొట్టు తెరవకముందే పది బీరువాల సరుకు దించుకునే రకం నాది. మొదటి ఎద్దు గీయడానికే వారం పట్టింది. చిన్న చిన్న గళ్ళలో ఒక్కో గడిని నలుపో తెలుపో చేసుకుంటూ పోవాలి. కొమ్ములు పెడితే మేకయ్యేది, తీస్తే గాడిదయ్యేది. ఇంకో రెండు బండ్లు గీసేసరికి పలకలో చోటు లేదని తెర మీద రాసి చేతులెత్తేసింది. ఎద్దు ఒక్క అడుగు వెయ్యలేదు. అయినా ఆ బజారును పారెయ్యబుద్ధి కాలేదు. గీసింది గీసినట్టు టేపు మీద దాచి పెట్టుకున్నాను.

ఆ టేపే నన్ను వాని దగ్గరికి తీసుకుపోయింది.

ఎమ్మిగనూరుకు నేను చేనేత చీరల కోసం పోయేవాణ్ణి. అక్కడ బస్టాండు ఎదురుగా పాటలు రికార్డు చేసి ఇచ్చే కొట్టు ఒకటుండేది. మనం కాగితం మీద పాటలు రాసి ఇస్తే సాయంత్రానికి క్యాసెట్టులో ఎక్కించి ఇస్తారు. అందులో పనిచేసే కుర్రవాడికి ఇరవై రెండో ఇరవై మూడో. ఎమ్మిగనూరు సాయిబుల పిల్లోడే. ఇంటరు తప్పి, నాన్న తోపుడు బండి మీద పండ్లమ్ముతుంటే, తను ఈ కొట్లో కూర్చునేవాడు. నా టేపు ఒకసారి ఎక్కుతుంది, ఒకసారి ఎక్కదు, ఏం చేయాలని అడిగినాను.

వాడు వేసి విన్నాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా చెవులు మూసుకున్నారు. వాడు మాత్రం పాట విన్నట్టే తల ఒకపక్కకు వంచి విన్నాడు.

"ఏమన్నా ఇది?"

"ఆట."

"ఈ శబ్దం లోపల ఆట ఉండాదా?"

"ఉండాది. బయటికి రాలా."

"టేపును సదివే తల వంకరుండాది అన్నా, టేపురికార్డరుది. స్క్రూ తిప్పితే పోతుంది. నేను వచ్చి తిప్పుతా. దుడ్లేం వద్దు. ఆ ఆట సూపిస్తావా?"

ఊరికే వస్తానన్నవాణ్ణి కాదనే వంశం కాదు మాది. వాళ్ళ కొట్టు సెలవు రోజున మొదటి బస్సుకు వచ్చినాడు. స్క్రూ తిప్పినాడు, టేపు ఎక్కింది. నా పత్తి బజారు తెర మీద నిలబడింది. వాడు చాలాసేపు చూసినాడు.

"ఏం సేస్తారన్నా దీంట్లో?"

"బేరం."

"ఎవరు?"

"దళారీలు."

"మరి ఆడేవాడు?"

ఆడేవాడు చూసి ఆనందించాలని నా ఉద్దేశం. వాడు నవ్వలేదు. "ముందు ఒగే మనిషిని పెడదాం అన్నా. ఒగే మీట. నొక్కితే ఏమన్నా విసరాల. అంతే. అది బాగుంటే ఇంగొగటి పెడదాం," అన్నాడు.

విసరడం అనగానే ఇద్దరికీ ఒకటే తట్టింది. ఉగాది మరునాడు కైరుప్పలలో ఊరు రెండు పక్షాలై పిడకలతో కొట్టుకుంటారు. ఆ పక్కవాళ్ళు మా కొట్టుకే బట్టలకు వస్తారు. పండగైన వారం తలకు కట్టుతోనే వచ్చి నవ్వుతూ పంచెలు తీసుకుపోతారు. ఎడమ పక్క ఒక మనిషి, కుడి పక్క ఒక మనిషి, నడుమ పిడక. పిడక గీయడం ఎంతసేపు? గుండ్రంగా నాలుగు గళ్ళు.

అప్పుడు మా నడుమ ఒక ఒప్పందం కుదిరింది. కుదిరింది అంటే నేను కుదిర్చినాను. పలక నాది, టీవీ నాది, కరెంటు నాది. వాని వంతు పని. టేపు వాడు తన జీతంలో కొన్నాడు, కొత్తది. దాని ఒకవైపు పిడకలాటకు, రెండోవైపు నా పత్తి బజారుకు. ఎందుకంటే యంత్రం ఇస్తున్నందుకు నాకు సగం రావాల. బజారు కొత్త టేపు మీదికి పోయినాక పాత టేపు మీద నేను పాటలు ఎక్కించుకున్నాను. వాడు "సరేలే అన్నా" అన్నాడు. బేరం చేయని మనిషిని నేను మొదటిసారి చూసినాను. అట్లాంటివాడు ఎదురైతే మాలాంటివాళ్ళకు చెయ్యి ఇంకా ముందుకు పోతుంది, అదీ మా జబ్బు.

వాడు పని చేసే తీరు నాకు చిరాకు పుట్టించేది. ఒక్కటే మారుస్తాడు. ఆడి చూస్తాడు. మళ్ళీ ఒక్కటే మారుస్తాడు. నేనైతే పిడక వేగం, మనిషి ఎత్తు, శబ్దం అన్నీ ఒకేసారి మార్చి, ఆట చెడిపోతే ఏది చెడగొట్టిందో తెలియక మొదటినుంచి మొదలుపెట్టేవాణ్ణి. "అన్నా, నువ్వు కూరలో ఉప్పు, కారం, చింతపండు ఒగేసారి ఏసి, రుచి సూసి, ఏది ఎక్కువైందంటే ఎట్ల సెప్పేది?" అనేవాడు. కొన్ని వారాలకు నాకూ అలవాటైంది. ఒకటి మార్చు, ఆడు. ఒకటి మార్చు, ఆడు. ఇప్పుడు ఎవరైనా పిల్లలు కొత్తగా ఇట్లాంటి వాటిలో దిగి, అంకుల్ ఏం చేయాలని అడిగితే నేను చెప్పేది ఇదొక్కటే. వాళ్ళు నాదే అనుకుంటారు. నేను కాదనను. అదొక చిన్న దొంగతనం, రోజూ జరుగుతూనే ఉంది.

ఆట కాస్త నిలబడినాక కొనుగోలుదారులను కూర్చోబెట్టినాము. చీర చూపించేలోపు ఊరికే కూర్చోకుండా ఒక ఆట ఆడండమ్మా అని. కైరుప్పల నుంచి ఒకామె వచ్చింది, కూతురికి పరికిణీ గుడ్డ కోసం. మీట మీద వేలు పెట్టిందో లేదో నేను మొదలుపెట్టినాను. "ఇప్పుడు నొక్కు అక్కా, ఆ, ఆగు, వంగల్ల, ఇప్పుడు, ఇప్పుడు నొక్కు!"

వాడు నా మోచెయ్యి పట్టుకుని తలుపు దాకా లాక్కొచ్చినాడు.

"అన్నా, నువ్వు మాట్లాడొద్దు."

"ఎట్లాడాల్నో తెలియాల కదప్పా ఆమెకు!"

"తెలీకపోతే తప్పు మన ఆటది. రేపు ఈ క్యాసెట్ ఎవరన్నా కొంటే, వాళ్ళింటికి నువ్వు పోయి పక్కన కూర్సుంటావా?"

నోరు మూసుకుని నిలబడినాను. సరుకు పక్కన నోరు మూసుకుని నిలబడడం నా జన్మలో అదే మొదలు. ఆమె కాసేపు తప్పు మీట నొక్కింది, కాసేపు ఊరికే చూసింది, తరవాత దారి తెలుసుకుని పిడక విసిరింది. అది తుపాకీ గుండులాగ నేరుగా పోయి అవతలివాడికి తగిలింది. అవతలివాడు తిరిగి కొట్టినాక, మేము గళ్ళలో తెలుగులో గీసిన ఓడినావు అనే మాట తెర మీద వచ్చింది. ఆమె పెద్దగా నవ్వింది.

"ఏందిబ్బా ఇది, పిడక ఇట్ల పోతాదా? పైకి లేసి, గాల్లో తిరిగి, నెత్తిన పడాల. మా ఊర్లో దెబ్బ నెత్తినే."

"ఇంగేం బాగలేదు అక్కా?" అని వాడు అడిగినాడు.

"ఓడినావు అని రాస్తాంది కదా, అది తీసెయ్యి. మా ఊర్లో ఓడినోడు ఎవడూ ఉండడు. కొట్టుకున్నోళ్ళు కొట్టుకుంటారు, ఆమైన కలిసిపోతారు."

ఆ రెండు మాటలకు వాడు నెలకు పైగా కూర్చున్నాడు. పిడక పైకి లేచి వంగి పడేటట్టు చేయడం ఆ క్యాసెట్టులో ఉన్న పని కాదు. అది నేరుగానే విసరనిస్తుంది. వాడు ఒక్కో అడుగుకు ఒక్కో గడి కింద పెట్టుకుంటూ, మెట్లు దిగినట్టు దించి, దూరం నుంచి చూస్తే వంపులాగ కనబడేటట్టు చేసినాడు. చివర్లో ఓడినావు అనేది పోయి, ఇద్దరు మనుషులూ నడుమకు నడిచొచ్చి నిలబడేవాళ్ళు. అంతే. అంత చిన్నది. హోటలాయన రోజూ టీ మానుకుని వచ్చి ఆడేవాడు. గోడ మీద తట్టడం మానేసినాడు.

ఒకరోజు వాడు బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చినాడు. బళ్ళారిలో కంప్యూటరు నేర్పే బడి ఒకటి కొత్తగా పెడుతున్నారట. పెట్టే ఆయన ఎమ్మిగనూరు వచ్చి వీళ్ళ కొట్లో పాటలు రికార్డు చేయించుకున్నాడట. మాటల్లో మాట వచ్చి, వీడు ఆట సంగతి చెప్పినాడట. "డిగ్రీ నేను సూడను. నువ్వే సేసింది, పూర్తయింది, నా కళ్ళముందర ఆడించి సూపించు. పిల్లలకు నేర్పే పని ఇస్తా," అన్నాడట ఆయన. పై ఆదివారం ఆదోనికి పెళ్ళికి వస్తున్నాడు, తిరుగు బండి మధ్యాహ్నానికి, దాని ముందు మా కొట్టుకు వచ్చి చూస్తాడు.

ఇంటరు తప్పినవానికి అది ఎంత పెద్ద మాటో చెప్పక్కరలేదు. వాళ్ళమ్మ అప్పుడే పక్కింట్లో చెప్పేసిందట, మావోడు మాస్టరవుతున్నాడని.

"అన్నా, ఇంగో క్యాసెట్ కొను. ఆటను రెండిట్లో పెడదాం. ఒగటి నీకాడ, ఒగటి నాకాడ."

"ఉద్యోగం రానీరా, డజను కొందాం."

"ఒగటి సాలన్నా."

"ఉన్నది బాగనే ఆడుతాంది కదా. ఇంగోటి దేనికి, దండగ."

సరేలే అన్నా, అన్నాడు. తరవాత టేపు తీసి, వెనకవైపు అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ నాలుకను స్క్రూడ్రైవరుతో టక్కున విరిచినాడు. పిడకలాట వైపుది మాత్రం. ఆ నాలుక విరిస్తే ఆ వైపు మళ్ళీ రికార్డు కాదు. రికార్డు మీట కిందికి దిగనే దిగదు. పాటల కొట్టు వాళ్ళకు, పాత టేపు మీదే కొత్త పాటలు ఎక్కించుకునే నాలాంటి పిసినారులకు అందరికీ తెలిసిందే అది. విరిచిన నాలుకకు విరుగుడు కూడా అందరికీ తెలుసు.

శనివారం మధ్యాహ్నం బేరాలు లేవు. వెనకగదిలో కూర్చుని ఆట ఎక్కించి చూసుకుంటున్నాను. మొదటి తెర మీద ఆట పేరు ఒక్కటే ఉంది. నాకేదో వెలితిగా తోచింది. కొట్టుకు బోర్డు లేనట్టు. రేపు బళ్ళారి ఆయన వచ్చి చూస్తే ఇది ఎవరి యంత్రం మీద తయారైందో ఆయనకెట్లా తెలుస్తుంది? మా కొట్టు పేరు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో పైన పెట్టినాను. కింద ఊరు. బాగుంది. ఆట పేరు కొంచెం చిన్నది చేసినాను.

ఇంక టేపు మీద ఎక్కించాలి. రికార్డు మీట నొక్కితే దిగలేదు.

ఇక్కడ నేను ఆగి ఉండవచ్చు. మీట కూడా వద్దంటున్నది. టేపు తిప్పి రెండోవైపు రికార్డు చేయవచ్చు, ఆ నాలుక విరగలేదు. కాని ఆ వైపు నా పత్తి బజారు ఉంది. ఒక్క అడుగు వేయని ఎద్దు, గాడిదలాంటి ఎద్దు. దాన్ని చెరపడానికి నాకు మనసు రాలేదు. బజారుకు పోయి కొత్త టేపు కొనవచ్చు, బెత్తెడు దూరం. మధ్యాహ్నం ఎండ అనుకున్నాను.

చీర మడతకు అంటించే ధర కాగితం ఒకటి తీసి, రెండు మడతలు పెట్టి, వాడు విరిచిన చోట అతికించినాను. మీట దిగింది.

టేపు మొదటికి తిప్పి రికార్డు పెట్టి, కూర్చుని తల ఊపుతున్నాను. సగం పోయుంటుంది. టీవీ బొమ్మ ముడుచుకుని నడుమ ఒక గీతయింది, గీత ఒక చుక్కయింది, చుక్క పోయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదిగా తిరిగి నిలిచిపోయినాయి. కరెంటు.

పలకలో ఉన్నది పోయింది. టేపు మీద ముందు సగం కొత్తది, వెనక సగం పాతది. రెండు సగాలు కలిస్తే ఒకటి కాదని ఆ యంత్రానికి మాత్రమే తెలుసు. కరెంటు ఒక టీ తాగేంతలో తిరిగి వచ్చింది. నేను మళ్ళీ మళ్ళీ ఎక్కించి చూసినాను. శబ్దం అదే. ఆట లేదు. ఎమ్మిగనూరుకు సాయంత్రం బస్సు ఉంది. పోయి చెప్పుంటే వానికి ఆ పూటంతా దొరికేది, ఇద్దరం కూర్చుని ఎంతో కొంత చేసుండేవాళ్ళం. పోలేదు. పొద్దునకు ఏమైనా బాగవుతుందేమో అని టేపును బియ్యం డబ్బాలో పెట్టినాను. తడిసిన దాన్ని పెట్టినట్టు. ఇప్పటికీ ఎందుకో చెప్పలేను.

ఆదివారం వాడు ఇస్త్రీ చొక్కాతో వచ్చినాడు. నూనె పెట్టి తల దువ్వుకున్నాడు. నేను టేపు చేతికిచ్చి నోరు తెరిచేలోపే వాని బొటనవేలు అంచు మీదికి పోయింది. పాటల కొట్టు అలవాటు, టేపు పట్టుకుంటే వేలు అక్కడికే పోతుంది. కాగితం తగిలింది. తిప్పి చూసినాడు. మా ధర అంకె పైకే కనబడుతోంది.

"అన్నా. ఇది నువ్వు అతికించినావా?"

"మన కొట్టు పేరు పెడదామని..."

"ఆట?"

రికార్డు నడుమ కరెంటు పోయిందని చెప్పినాను.

వాడు ఏడుస్తాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. రెండూ చేయలేదు. బల్ల ముందు కూర్చుని ఆటలు తయారు చేసే క్యాసెట్టు ఎక్కించి, మొదటినుంచి గీయడం మొదలుపెట్టినాడు. ఎడమ మనిషి. కుడి మనిషి. పిడక. వేళ్ళు ఎంత త్వరగా పోతున్నాయంటే రబ్బరు మీటలు దిగి లేవడానికి టైము చాలడం లేదు. పెళ్ళి మేళం వీధిలో వినబడి ఆగిపోయింది. పిడక నేరుగా పోవడం వరకు వచ్చింది. వంగి పడడానికి మెట్లు పెడుతుండగా బళ్ళారి ఆయన వచ్చినాడు, నోట్లో పెళ్ళి కిళ్ళీ, చేతిలో కొబ్బరికాయ సంచి.

ఆడినాడు. పిడక నాలుగు మెట్లు దిగి గాల్లో నిలిచిపోయింది.

"ముగియలేదా?" అన్నాడు.

"ముగిసిందే సార్. టేపు చెడిపోయినాది," అన్నాడు వాడు. నా వైపు చూడలేదు.

అప్పుడు నేను కల్పించుకున్నాను. చీకటిని కూడా మూర వేసి అమ్మగల నోరు కదా. "కరెంటు సార్, కరెంటు. మా ఊరి సంగతి మీకు తెలియందేముంది!"

"బళ్ళారిలో కరెంటు పోదా ఏమప్పా?" అన్నాడాయన, కోపంగా కూడా కాదు. వాని వైపు తిరిగి, "ఇంత సేసినవాడు ఇంకో టేపులో పెట్టుకోవద్దా? ఒకటే పెట్టుకుంటారా? నేను పిల్లలకు మొదటిరోజు నేర్పేదే అది. అది తెలియనివాణ్ణి నేర్పడానికి ఎట్ల పెట్టుకునేది?"

వాడు తల వంచుకున్నాడు.

ఇంకో టేపు అడిగింది వాడు. దండగ అన్నది నేను. నాలుక విరిచింది వాడు, కాగితం అతికించింది నేను. ఆ టేపు అక్కడే బల్ల మీద ఉంది, కాగితం పైకే ఉంది. ఒక్క మాట చాలు. బళ్ళారి ఆయన కిళ్ళీ ఉమ్మి వచ్చినాడు, సంచి తీసుకున్నాడు, చెప్పులు తొడుక్కున్నాడు, ఒక చెప్పు పట్టీ వదులైతే వంగి సరిచేసుకున్నాడు. అంతసేపు నేను ఆయనకు మజ్జిగ తాగి పొమ్మని చెప్తున్నాను.

ఎందుకు నోరు రాలేదు? సిగ్గు అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. సిగ్గు ఉంది. దాని కింద ఇంకొకటి కూడా ఉంది. వాడు బళ్ళారి పోతే నా వెనకగది మళ్ళీ బేళ్ళ గదే అవుతుంది. శనివారం కాగితం మడత పెట్టేటప్పుడు ఈ సంగతి నా మనసులో ఉందా అని వెతికినాను. లేదనే అనుకుంటున్నాను. ఆదివారం మజ్జిగ అంటున్నప్పుడు మాత్రం ఉంది.

బస్టాండుకు వానితో నడిచినాను. దారి పొడవునా నేనే మాట్లాడినాను. నాకు అప్పుడు అర్థం కాలేదు, నేను బేరమాడుతున్నాను.

"సగం తప్పు కరెంటుదే కదప్పా."

"సరేలే అన్నా."

"ఆ టేపు కూడా అంత మంచి రకం కాదు. దానిది కొంత."

"సరేలే."

"బళ్ళారాయన కూడా, పెళ్ళి భోంచేసి వచ్చి తొందరపడినాడు. కొంచెం ఆగితే నువ్వు పూర్తి చేసేవాడివి. ఆయనదీ ఉంది."

"ఉంది."

"నాది లేదనను. ఏదో రూపాయికి పాతిక పైసల వంతు..."

"సరే అన్నా. బస్సొచ్చింది."

నేను అడిగిన ధరకే ఇచ్చేసి బస్సెక్కినాడు. తరవాత మా కొట్టుకు రాలేదు. చీరలకు పోయినప్పుడు పాటల కొట్లో కనబడేవాడు, టీ తెప్పించేవాడు, మా నాయన ఆరోగ్యం అడిగేవాడు. ఒకసారి పలకను నువ్వే తీసుకో, ఊరికే, అన్నాను. నా నోటి నుంచి ఊరికే అనే మాట రావడం విని ఇద్దరం ఉలిక్కిపడినాము. "నీకాడే ఉండనీ అన్నా, నేర్సుకుంటివి కదా," అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

బళ్ళారి బడిలో ఇంకెవరో చేరినారని విన్నాను. కొన్నేళ్ళకు వీడు టీవీలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు, పెళ్ళయింది. పెళ్ళికి పోయినాను, బిర్యానీ తిన్నాను, చదివింపుల్లో నా స్థాయికి మించే చదివించినాను, మనసు తేలికవుతుందని. కాలేదు. వాళ్ళమ్మ నన్ను చూపించి చుట్టాలతో, "ఈయన కాడే మావోడు కంప్యూటర్ నేర్సినాడు," అని చెప్పింది. నేను తలూపినాను.

పిడకలాటను నేనొక్కణ్ణే మళ్ళీ కట్టడానికి కూర్చున్నాను, చాలా నెలలు. ఒకటి మార్చి ఒకటి ఆడినాను. వచ్చినవాళ్ళ చేత ఆడించి నోరు మూసుకున్నాను. ప్రతి వారం కొత్త టేపు కొన్నాను, ప్రతి దాని నాలుకా విరిచినాను. మనుషులు వచ్చినారు. పిడక వచ్చింది. వంపు మాత్రం రాలేదు. వాడు ఎన్ని గళ్ళకు ఒకసారి కిందికి దించినాడో నేను పక్కనే కూర్చుని చూడలేదు, చీరలు చూపిస్తుంటిని. ఎమ్మిగనూరు పోయి అడిగితే చెప్పేవాడు. ఆ మొహంతో అడగలేకపోయినాను.

ఆ ఉద్యోగం వచ్చుంటే వాడు ఎక్కడికో పోయేవాడని నేను రాయలేను, నాకు తెలియదు. బడి మూతపడి తిరిగి వచ్చేవాడేమో కూడా తెలియదు. దాన్ని పెద్దది చేసి ఏడ్చినా, చిన్నది చేసి దులుపుకున్నా రెండూ ధర చెప్పడమే. తెలిసినంత వరకే లెక్క కడతాను. ఆరేడు నెలల సెలవు రోజులు, వానివి. టేపు, వానిది. పిడక వంపు, వానిది. ఇంకో టేపు పెట్టుకోవాలని తెలియనివాడు అన్న పేరు, ఇది నాది, వాని పేరున పడింది. కరెంటు వంతు ఏమీ లేదు, అది రోజూ పోయేదే. టేపు వంతు లేదు. బళ్ళారాయన వంతు లేదు, ఆయన చూసినదాన్ని బట్టి ఆయన సరిగ్గానే అన్నాడు. పాతిక వంతు అని నేను తేల్చి, వాడు సరే అన్న నా భాగం, తిరిగి కూడితే, మొత్తం.